వంటింటి తెర మీద గేటు కెమెరా: ఒకే వైఫైలో ఉన్నా ఎందుకు కలవడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గేటు స్తంభం మీద వైఫై కెమెరా ఒకటి ఉంది. అమ్మగారు పొయ్యి దగ్గర నుంచి కదలకుండా బయట ఎవరున్నారో చూసుకోవాలని వంటింట్లోకి ఎకో షో, అంటే అమెజాన్ వారి అలెక్సా పలికే తెర, కొన్నారు. రెండూ ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నాయి. ఫోనులో కెమెరా చక్కగా కనిపిస్తోంది గానీ, తెర మీద మాత్రం ‘కెమెరా స్పందించడం లేదు’ అని వస్తోంది. పైగా ఇంటి చుట్టూ పాత డీవీఆర్‌కు (కెమెరాల చిత్రాలను రికార్డు చేసే పెట్టెకు) బిగించిన నాలుగు కెమెరాలున్నాయి, వాటినీ ఇదే తెర మీదికి తేవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. గేటు కెమెరా కలుస్తుంది, బహుశా ఈ సాయంత్రానికే. కానీ రెండూ ఒకే వైఫైలో ఉండటానికీ, కలవడానికీ దాదాపు సంబంధం లేదు. కలవాల్సింది ఖాతాలు. కెమెరా యాప్‌లో యజమానిగా ఉన్న ఖాతా ఏదో, దాన్నే అలెక్సా ఖాతాకు జోడించాలి. వంటింట్లోని తెర కూడా అదే అలెక్సా ఖాతా కింద నమోదై ఉండాలి. ఇక డీవీఆర్ కెమెరాలంటారా, తేవచ్చు. అయితే ఆ పని మీకు సిఫారసు చేయను. దానికి ఇంకా చౌకైన, మొండిగా పనిచేసే దారి ఉంది, కింద చెబుతాను.

నేను పద్నాలుగేళ్లుగా రాజమహేంద్రవరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సీసీ కెమెరాలు బిగిస్తున్నాను. మొదట్లో అంతా నిచ్చెన, డ్రిల్లు, కేబుల్ చుట్టలతోనే పని. ఈ మాట్లాడే తెరలు ఇళ్లలోకి వచ్చాక సగం పని సోఫాలో కూర్చుని వాళ్ల పాస్‌వర్డులు వెతకడమే అయిపోయింది. మీలాంటి ఫిర్యాదుతో నాకు వచ్చిన ఫోన్లలో కెమెరా నిజంగా చెడిపోయినవి చాలా తక్కువ.

అసలు ఏం జరుగుతుందో ఒకసారి తెలుసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. కెమెరా చిత్రం రౌటర్‌కు వస్తుంది, రౌటర్ నుంచి తెరకు పోతుంది, అంతే కదా అని మనం అనుకుంటాం. వినడానికి న్యాయంగానే ఉంది, జరిగేది వేరు. అమ్మగారు గేటు చూపించమనగానే ఆ మాట అమెజాన్ సర్వర్‌కు, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న వాళ్ల కంప్యూటర్‌కు వెళుతుంది. ఆ సర్వర్ కెమెరా కంపెనీ సర్వర్‌ను ఫలానా ఖాతాలోని గేటు కెమెరా కావాలని అడుగుతుంది. కంపెనీ సర్వర్ మీ స్తంభం మీది కెమెరాకు కబురు పెడుతుంది. చాలా కెమెరాల్లో చిత్రం కూడా ఆ సర్వర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి తిరిగి మీ వంటింటికి వస్తుంది. మాటలు మానేసిన తోడికోడళ్లు ఒకే ఇంట్లో ఉంటూ అత్తగారి ద్వారా కబుర్లు పంపుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. వెబ్ ఆర్‌టీసీ అనే పద్ధతి వాడే కొత్త కెమెరాల్లో పరిచయం మాత్రమే సర్వర్లు చేస్తాయి, తర్వాత చిత్రం ఒక్కోసారి ఇంట్లోనే నేరుగా నడుస్తుంది. అయినా ఆ పరిచయం జరగాల్సిందే. అందుకే ఇంటర్నెట్ పోయినప్పుడు కెమెరా, రౌటర్, తెర మూడూ వెలుగుతూనే ఉన్నా గేటు మాత్రం కనిపించదు.

ఈ దారిలో మూడు మజిలీలున్నాయి కాబట్టి పరీక్షలూ మూడే. నేను ఏ ఇంటికి వెళ్లినా వరసగా ఇవే చేస్తాను, రౌటర్‌ను ముట్టుకునేది ఆ తర్వాతే.

మొదటి పరీక్ష: ఫోనులో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద కెమెరా యాప్ తెరవండి. చిత్రం వచ్చిందంటే కెమెరా నుంచి కంపెనీ సర్వర్ దాకా దారి బాగుందని అర్థం. వైఫై మీద వచ్చి, మొబైల్ డేటా మీద రాకపోతే తెరను తిట్టి ప్రయోజనం లేదు, కెమెరాకు బయటి ప్రపంచంతో సంబంధం తెగింది. ఇంట్లోనే కూర్చుని ‘ఫోనులో కనిపిస్తోంది’ అనేవాళ్లలో చాలామంది ఈ తేడా గమనించరు. ఫోను, కెమెరా ఒకే వైఫైలో ఉంటే చాలా యాప్‌లు సర్వర్‌ను వదిలేసి కెమెరాతో నేరుగా మాట్లాడేస్తాయి.

రెండో పరీక్ష: అదే ఫోనులో అలెక్సా యాప్ తెరిచి, పరికరాల జాబితాలో ఆ కెమెరాను నొక్కండి. ఇక్కడ చిత్రం వస్తే రెండు కంపెనీల మధ్య పరిచయం కుదిరినట్టే. కెమెరా పేరు కనిపించి చిత్రం రాకపోతే ఆ అనుసంధానం పాతబడి ఉంటుంది. కెమెరా యాప్ పాస్‌వర్డు ఎప్పుడైనా మార్చారేమో గుర్తు చేసుకోండి. మార్చాక పాత అనుమతి చెల్లకుండా పోవడం మామూలే. కెమెరా కంపెనీ స్కిల్‌ను (ఆ కంపెనీ ఖాతాను అలెక్సాకు కలిపే చిన్న యాప్ లాంటిది) ఒకసారి తీసేసి, మళ్లీ చేర్చి, కొత్త పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, పరికరాలను మళ్లీ వెతకమనండి. అయిదు నిమిషాల పని.

మూడో పరీక్ష: పై రెండూ నెగ్గితే అప్పుడు తెర దగ్గరికి రండి. తెర సెట్టింగుల్లో అది ఎవరి పేరు మీద నమోదైందో చూడండి. మీ వర్ణన చదివితే నా అనుమానం దీని మీదే ఉంది. తెర కొన్నది మీరు, పెట్టె విప్పి మొదలుపెట్టింది ఇంట్లో ఇంకెవరో అయి ఉంటారు. వాళ్ల ఫోనులోని ఖాతాతో అది లేచి కూర్చుంటుంది. మీరు మీ ఖాతాకు కెమెరాను ఎన్నిసార్లు జోడించినా ఆ తెరకు తెలియదు. లేదా ఇద్దరూ తలో ఖాతాకు జోడిస్తారు, ఒకటి పాతబడుతుంది, అప్పుడు మీకు వచ్చిన సందేశమే వస్తుంది.

గూగుల్ వారి ఇలాంటి తెర నెస్ట్ హబ్ వాడేవారికీ వరస ఇదే. స్కిల్ అన్నచోట గూగుల్ హోమ్ యాప్‌లో కెమెరా కంపెనీ ఖాతాను జోడించడం అనుకోండి. అంతకు మించి తేడా లేదు.

ఖాతాల దగ్గర ఇంకో మెలిక ఉంది, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇంట్లో కెమెరాను పెద్దబ్బాయి తన ఫోనుతో మొదలుపెట్టి, మిగతావాళ్లకు యాప్‌లోంచి పంచుతాడు. పంచిన కెమెరా మీ ఫోనులో అచ్చం మీదే అన్నట్టు కనిపిస్తుంది. కానీ చాలా కంపెనీలు పంచిన కెమెరాను అలెక్సాకు ఇవ్వవు, యజమాని ఖాతాలోనిదే ఇస్తాయి. మీ ఖాతాతో అనుసంధానం విజయవంతమైందని వస్తుంది, పరికరాలు మాత్రం సున్నా. అలాంటప్పుడు యజమాని ఖాతా వివరాలతోనే స్కిల్‌ను కలపాలి.

నిరుడు సంక్రాంతికి ముందు ఒక ఇంటికి వెళ్లాను. కొడుకు డాలస్‌లో ఉంటాడు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఎకో షో తెచ్చి, బల్ల మీద పెట్టి, నాలుగు రోజులు ఉండి వెళ్లిపోయాడు. మామ్మగారు దాన్లో సుప్రభాతం వింటున్నారు, అది బాగానే ఉంది. కెమెరా మన ఊళ్లో కొన్నది. దాని స్కిల్ కోసం వెతికితే అలెక్సా యాప్‌లో అసలు కనిపించదు. తెర నమోదైంది అమెరికా ఖాతాలో, ఆ కంపెనీ స్కిల్ ఉన్నది భారతదేశపు జాబితాలో. ఏ దేశపు ఖాతాకు ఆ దేశపు స్కిల్సే కనిపిస్తాయి. రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే అక్కడ ఉదయం, ఆ అబ్బాయితో వీడియో కాల్‌లో మాట్లాడాం. తెరను అతని ఖాతా నుంచి తీసేసి, మామ్మగారి పేరున భారతదేశపు ఖాతా ఒకటి తెరిచి, దాన్లో నమోదు చేశాం. కెమెరా స్కిల్ వెంటనే కనిపించింది. సుప్రభాతం మాత్రం పోయింది. అది అతని పాటల చందా మీద వస్తోందట! మామ్మగారు రెండు రోజులు నా మీద అలిగారు, చివరికి ఇక్కడి ఖాతాలో వెతికి పెట్టాక కాఫీ ఇచ్చారు. విదేశాల నుంచి తెచ్చిన తెర అయితే ఇంకో మాట: అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసి గానీ ప్లగ్గులో పెట్టకండి.

ఇక ఖాతాలన్నీ సరిగ్గా ఉండి, తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోతోందంటే రెండు కారణాలు చూస్తాను.

ఒకటి, చిత్రాన్ని కుదించే పద్ధతి. కొత్త కెమెరాలు నిల్వ తగ్గించుకోవడానికి హెచ్.265 పద్ధతిలో చిత్రాన్ని పంపుతాయి. మెమరీ కార్డులో ఎక్కువ రోజులు పట్టడానికి అది మంచిదే. కానీ ఈ తెరలకు నమ్మకంగా అర్థమయ్యేది పాత హెచ్.264. కెమెరా యాప్‌లో వీడియో నాణ్యత దగ్గర ఈ ఎంపిక ఉంటే హెచ్.264కు మార్చి చూడండి. అయిదు మెగాపిక్సెళ్ల చిత్రం పంపుతుంటే దాన్నీ 1080పీకి దించండి. ఎనిమిది అంగుళాల తెర మీద పాలబ్బాయి ముఖం గుర్తుపట్టడానికి అంతకు మించి అక్కర్లేదు.

రెండోది గేటు దగ్గర వైఫై బలం. ఫోను చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడి నాలుగు గీతలున్నాయంటే సరిపోదు. మీ ఫోను యాంటెన్నా వేరు, గోళీకాయంత యాంటెన్నా ఉన్న కెమెరా వేరు. చాలా కెమెరాల యాప్‌లో పరికరం వివరాల దగ్గర సిగ్నల్ బలం అంకెలో కనిపిస్తుంది, మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50, 60 అంటే బాగుంది. మైనస్ 70 దాటి 75, 80 వైపు పోయిందంటే ఫోనులో చిన్న చిత్రం వస్తుంది గానీ తెర మీదికి వచ్చేసరికి మధ్యలో తెగుతుంది. రౌటర్ మేడ మీది పడగ్గదిలో ఉండి, మధ్యలో కాంక్రీటు స్లాబు, ఆ కింద తొమ్మిది అంగుళాల గోడ ఉంటే ఇదే జరుగుతుంది. రౌటర్‌ను వీధి వైపు గది కిటికీ దగ్గరకు జరిపితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. జరపడం కుదరకపోతే కెమెరా దాకా నెట్‌వర్క్ కేబుల్ లాగండి, దానికి కేబుల్ పోర్టు ఉంటే. గాలిలో వచ్చే సిగ్నల్‌కన్నా తీగ ఎప్పుడూ నమ్మకస్తురాలు.

ఇక్కడే చెప్పాల్సింది ఇంకొకటి. చాలా వైఫై కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. తెర 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది. ఇది తప్పు కాదు, రెండూ వేర్వేరు వాటి మీద ఉన్నా పని నడుస్తుంది. చిత్రం బయటికి వెళ్లి వచ్చే పద్ధతిని బట్టి ఎందుకో మీకే అర్థమై ఉంటుంది. ‘రెండూ ఒకే బ్యాండ్‌లో పెట్టాలి’ అని ఎవరో చెప్పారని మీరు రాశారు. కెమెరాను మొదటిసారి వైఫైకి కలిపేటప్పుడు ఫోను 2.4లో ఉంటే మేలు, అంతవరకే ఆ సలహా.

ఫైబర్ కనెక్షన్ కాకుండా సిమ్ వేసిన రౌటర్ వాడుతుంటే లెక్క ఒకటి వేసుకోండి. 1080పీ చిత్రం సుమారు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) తీసుకుంటుందనుకుంటే గంటకు 900 ఎంబీ, రోజంతా తెర మీద పెట్టి ఉంచితే 21 జీబీ దాటుతుంది. అదీ బయటికి పంపడానికి ఒకసారి, తిరిగి తెచ్చుకోవడానికి ఇంకోసారి అయితే రెట్టింపు. రోజుకు రెండు జీబీల ప్యాకు మీద ఈ ముచ్చట నడవదు. అవసరమైనప్పుడు అడిగి చూసుకుని, మూసేయడమే దారి. నిజానికి ఈ తెరలు కూడా అలా వాడటానికే తయారయ్యాయి. కొన్ని నిమిషాలయ్యాక చాలా కెమెరాల చిత్రం దానంతటదే ఆగిపోతుంది. మీది కూడా అలా ఆగితే అది జబ్బు కాదు.

ఆలస్యం గురించీ ముందే చెప్పాలి. అమ్మగారు అడిగాక చిత్రం రావడానికి నేను బిగించిన ఇళ్లలో నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు పడుతోంది. వచ్చిన చిత్రం కూడా రెండు మూడు సెకన్లు వెనకబడి ఉంటుంది. బ్యాటరీతో నడిచే కెమెరా అయితే అది నిద్రలో ఉంటుంది, లేచేసరికి ఇంకాస్త ఆలస్యం. గంట కొట్టిన కొరియర్ అబ్బాయి ఈలోగా పక్కింటి గేటుకు వెళ్లిపోయి ఉంటాడు. గేటు కెమెరాకు బ్యాటరీది వద్దని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పుడు అమ్మగారి వైపు నుంచి ఆలోచిద్దాం, ఎందుకంటే రోజూ వాడేది ఆవిడే. అలెక్సాకు తెలుగు రాదు. మన దేశంలో అది ఇంగ్లిషు, హిందీల్లో వింటుంది. నెస్ట్ హబ్ పరిస్థితీ అదే, ఫోనులోని గూగుల్‌కు తెలుగు వచ్చినా ఆ తెరకు రాదు. కాబట్టి కెమెరాకు పెట్టే పేరు చాలా ముఖ్యం. ఒకాయన ముచ్చటపడి ‘సింహద్వారం’ అని పెట్టారు. అడిగిన ప్రతిసారీ ఏదో పాట మోగేది. ‘వాకిలి’ అని పెట్టిన ఇంట్లో అసలు ఉలుకూ పలుకూ లేదు. రెండు భాషల్లోనూ ఒకేలా పలికే చిన్న మాట పెట్టండి. ‘గేట్’ అన్నది దేవుడిచ్చిన మాట. ‘అలెక్సా, షో గేట్’ అంటే చాలు. హైదరాబాదులో పెరిగినవారైతే భాషను హిందీకి మార్చి ‘గేట్ దిఖావో’ అంటారు, వాళ్ల నోటికి అదే హాయి. ఒక్క జాగ్రత్త: గేటు దీపానికి స్మార్ట్ బల్బు పెట్టి దానికీ ‘గేట్’ అనే పేరు ఇచ్చి ఉంటే రెండింట్లో ఏది కావాలని అలెక్సా తికమక పడుతుంది. బల్బు పేరు మార్చండి.

మాట వినిపించుకోకపోతే విసుగొచ్చి మానేసే పెద్దవాళ్లే ఎక్కువ. అందుకని తెర మొదటి పేజీ మీదే కెమెరా బొమ్మ ఉండేలా పెట్టండి. పిండి చేతులతో వేలి కణుపుతో నొక్కినా తెరుచుకుంటుంది. నా అనుభవంలో మొదటి వారం అంతా మాటతో సరదా పడతారు, రెండో వారం నుంచి అందరూ నొక్కడమే.

గేటు దగ్గర కదలిక కనిపించిన ప్రతిసారీ తెర ప్రకటించే సౌకర్యం ఉంటుంది. ఊరికే ఆన్ చేయకండి. మన వీధుల్లో కుక్కలు, ఆవులు, కొబ్బరి మట్ట నీడ, అన్నీ కదలికలే. మనిషిని మాత్రమే గుర్తించే ఎంపిక కెమెరాలో ఉంటే అదొక్కటే ఉంచండి. ఇది చేసినా రాత్రి పన్నెండింటికి ఎవరో ఉన్నారని తెర అరిచిందని ఒక ఇంటివాళ్లు హడలిపోయి ఫోను చేశారు. మర్నాడు వెళ్లి రాత్రి రికార్డింగు చూస్తే తెల్లటి తాడు లాంటిది ఒకటి చిత్రానికి అడ్డంగా ఊగుతోంది. కెమెరా కంటికి రెండు అంగుళాల దూరంలో సాలెపురుగు దారం కట్టింది. చీకట్లో కెమెరా చుట్టూ వెలిగే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మన కంటికి దాదాపు కనిపించవు గానీ వాటి వెలుగు ఆ దారం మీద పడి ట్యూబులైటులా మెరుస్తుంది. గాలికి ఊగితే మనిషే నడిచినంత కదలిక. పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు, సాలీడు కోసం బల్లి. వారానికోసారి చీపురు చివర మెత్తటి పొడిబట్ట చుట్టి కెమెరా ముందు తుడవడమే మందు. వాన నీటికి దుమ్ము కలిసి కంటి మీద ఎండిన మరక కూడా అలాగే పోతుంది.

సరే, డీవీఆర్ సంగతి. మీ నాలుగు కెమెరాలు కోయాక్సియల్ కేబుల్‌తో (పాత కేబుల్ టీవీ తీగ లాంటిది) డీవీఆర్‌కు వచ్చే రకం. వాటికి సొంతంగా ఇంటర్నెట్ లేదు, ఏం చేసినా డీవీఆర్ ద్వారానే చేయాలి. కొన్ని డీవీఆర్ కంపెనీల యాప్‌లకు అలెక్సా స్కిల్ ఉంటుంది. మీ ఖాతా దేశంలో అది కనిపిస్తుందేమో ముందు వెతకండి, ఉంటే గేటు కెమెరాలాగే కలిపేయవచ్చు. లేకపోతే రెండో దారి ఒక చిన్న కంప్యూటర్‌ను మధ్యవర్తిగా పెట్టడం. రాస్ప్‌బెరీ పై లాంటి దాంట్లో హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే, అది డీవీఆర్ నుంచి ఆర్‌టీఎస్‌పీ పద్ధతిలో చిత్రాలు తీసుకుని తెరకు అర్థమయ్యే రూపంలోకి మార్చి ఇస్తుంది. ఆర్‌టీఎస్‌పీ అంటే నెట్‌వర్క్ మీద కెమెరా చిత్రాన్ని అడిగి తీసుకునే పాత పద్ధతి, చాలా డీవీఆర్‌లలో ఉంటుంది. డీవీఆర్‌లో ప్రతి కెమెరాకూ పెద్ద చిత్రం, చిన్న చిత్రం అని రెండు ప్రవాహాలుంటాయి. చిన్నదాన్ని హెచ్.264లో పెట్టి అదే తీసుకోవాలి.

ఇది నేను మా ఇంట్లో చేశాను. నడుస్తోంది. ఎందుకు వద్దంటున్నానంటే, ఇది మొక్కలాంటిది, నీళ్లు పోస్తూ ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు డీవీఆర్ కొత్త ఐపీ చిరునామాతో (రౌటర్ దానికి ఇచ్చే నంబరుతో) లేస్తే లంకె తెగుతుంది. సాఫ్ట్‌వేర్ కొత్తది వేస్తే ఒక్కోసారి సెట్టింగు మారుతుంది. మీకు ఇలాంటివి గెలకడం సరదా అయితే చేయండి, నేనే సాయం చేస్తాను. మీరు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ అమ్మగారి కోసం పెడుతుంటే మాత్రం వద్దు.

నాలుగు కెమెరాలూ రోజంతా కనిపించాలంటే వంటింట్లో ఒక పాత మానిటర్ పెట్టండి. డీవీఆర్ వెనక హెచ్‌డీఎంఐ, వీజీఏ పోర్టులు ఎలాగూ ఉంటాయి. ఇంట్లో మూలపడేసిన కంప్యూటర్ మానిటర్‌నో, చిన్న టీవీనో తీసి గోడకు బిగించి కేబుల్ లాగితే సరి. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఆలస్యం ఉండదు, ఖాతా ఉండదు, నెలవారీ చందా ఉండదు. పది మీటర్ల లోపు దూరమైతే మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు, అంతకు మించితే నెట్‌వర్క్ కేబుల్ మీద హెచ్‌డీఎంఐని పంపే జత పెట్టెలు దొరుకుతాయి. ఎకో షోకు ఇలా చిత్రం లోపలికి తీసుకునే పోర్టు లేదు, కాబట్టి దాన్ని మానిటర్‌లా వాడదామనుకోకండి.

పాత ట్యాబ్‌ను గోడకు తగిలించి డీవీఆర్ యాప్ తెరిచి ఉంచడం ఇంకో ఉపాయం. నేనూ ఒకచోట చేశాను. ఏడాది పాటు రాత్రింబవళ్లు చార్జరు మీదే ఉండేసరికి బ్యాటరీ ఉబ్బి, తెర ఒక అంచున లేచి, వెనక డొప్ప విడిపోయింది. వంటింట్లో, పొయ్యికి మూడడుగుల దూరంలో! ఆ రోజే తీయించేశాను. అప్పటి నుంచి ఈ సలహా ఎవరికీ ఇవ్వడం లేదు.

డీవీఆర్‌ను ఫోనులో చూడటానికి రౌటర్‌లో పోర్టు తెరవమని, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా డీవీఆర్‌కు దారి వదలమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒకప్పుడు మేమందరం అలాగే చేసేవాళ్లం, నేనూ చేశాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. 2016లో మిరాయ్ అనే దాడిలో ప్రపంచమంతటా లక్షల కొద్దీ కెమెరాలు, డీవీఆర్‌లు పరాయివాళ్ల చేతిలోకి వెళ్లాయి. తాళం పగలగొట్టడం కూడా కాదు, పెట్టెలోంచి వచ్చిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడమే దానికి దారి. ఇప్పుడు మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలు భద్రతా పరీక్షలు నెగ్గాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మీ డీవీఆర్ అంతకు ముందుదే కాబట్టి దాని పాస్‌వర్డు ఇంకా బిగించినవాడు పెట్టిందే అయితే ఇవాళే మార్చండి. బిగించినవాడు నాలాంటి మంచివాడైనా సరే.

తెరకు కలిపే కెమెరాల విషయంలో నాది ఒకటే నియమం, దీని మీద కస్టమర్లతో వాదిస్తాను కూడా. గేటు, వాకిలి, పెరడు కలపండి. ఇంటి లోపలి కెమెరాను కలపకండి. తెర ముందు నిలబడి అడిగిన ఎవరికైనా అది చూపిస్తుంది, అడిగింది అమ్మగారా, పనిమనిషా, ఇంటికి వచ్చిన చుట్టమా అని చూడదు. దారిలో ఇద్దరి సర్వర్లున్నాయని పైన చెప్పాను కదా, తప్పు వాళ్ల వైపు కూడా జరగవచ్చు. 2020 జనవరిలో ఒక వినియోగదారుడు తన షియోమి కెమెరాను గూగుల్ నెస్ట్ హబ్ మీద తెరిస్తే వేరేవాళ్ల ఇళ్లలోని నిశ్చల చిత్రాలు కనిపించాయి. గూగుల్ కొన్నాళ్లు షియోమి పరికరాల అనుసంధానాన్నే ఆపేసింది, షియోమి పొరపాటు ఒప్పుకుని సరిదిద్దింది. అవి గేటు చిత్రాలైతే ఎవరికీ పెద్ద నష్టం లేదు. పడగ్గది అయితే? కెమెరా ఖాతాకూ, అలెక్సా ఖాతాకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే కోడ్ కూడా అడగడం) తప్పకుండా పెట్టండి. తెరలో ముందు చెప్పకుండా నేరుగా వీడియో కాల్‌లోకి వచ్చేసే డ్రాప్ ఇన్ అనే సౌకర్యం ఉంటుంది, అమ్మగారికి ఇష్టమైతే తప్ప ఆపేయండి. గేటు కెమెరా ఎదురింటివాళ్ల తలుపులోకి చూడకుండా కాస్త కిందికి వంచండి. మీకు కావాల్సింది మీ గేటు ముందు నిలబడ్డ మనిషే కదా.

కొత్త రకం కెమెరాలు వచ్చేదాకా ఆగాలా అని కూడా అడిగారు. స్మార్ట్ పరికరాలన్నీ ఒకే భాష మాట్లాడుకోవడానికి తెచ్చిన మ్యాటర్ ప్రమాణంలో 2025 నవంబరులో వచ్చిన 1.5 రూపంతో కెమెరాలకూ చోటు దొరికింది. అది కెమెరాల్లోకీ తెరల్లోకీ వచ్చి స్థిరపడితే ఈ ఖాతాల గొడవ కొంత తగ్గవచ్చు. దాని కోసం మీరు ఆగనక్కర్లేదు, మీ దగ్గరున్నదే పనిచేస్తుంది.

చివరిగా కరెంటు. మీరు ఇన్వర్టర్ ఉందన్నారు. వంటింటి ప్లగ్గు, గేటు కెమెరా అడాప్టర్ రెండూ ఇన్వర్టర్ లైనులోనే ఉన్నాయా చూడండి, గేటు లైను చాలా ఇళ్లలో దానికి బయటే ఉంటుంది. రౌటర్‌కు విడిగా ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, రెండు మూడు నిమిషాలు గేటు చీకటే.

మూడు పరీక్షలూ చేసి ఏ మజిలీలో ఆగిందో రాయండి. కెమెరా మోడల్ నంబరు దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, ఫొటో తీసి పెట్టండి. తీసేటప్పుడు ఆ స్టిక్కర్ మీది క్యూఆర్ కోడ్‌కూ, దాని కింది అంకెలకూ బొటనవేలు అడ్డం పెట్టండి. కొన్ని కెమెరాలను తమ యాప్‌లోకి చేర్చుకోవడానికి వేరేవాళ్లకు ఆ కోడ్ చాలు.